పడవను తొడుక్కునే ఆట
(తిరుపతిలో కళాశాల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పడవ అనగానే మన తిరుపతి వాళ్లకు ముందు గుర్తొచ్చేది తెప్పోత్సవం. పుష్కరిణిలో నీళ్లు కదలవు, స్వామివారు నింపాదిగా చుట్లు తిరుగుతారు. నేను చెప్పబోయే పడవకు మాత్రం నీళ్లు ఉరకాలి, రాళ్లకు కొట్టుకుని నురగలెత్తాలి. అలాంటి ఏట్లో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు పట్టుకుని ఒక్కరే దిగడాన్ని వైట్ వాటర్ కయాకింగ్ అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే స్వర్ణముఖి పక్కన పెరిగినవాడికి ఇదేం పిచ్చిరా అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతుంటారు.

సామాను గురించి చెప్పమన్నారు. అందరి చూపూ ముందు పడవ మీదే పడుతుంది. పొడవు రెండున్నర మీటర్లు, బరువు 20 కిలోలకు అటూ ఇటూ. మీ మిద్దె మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా, ఇదీ అలా పాలీఎథిలీన్‌తో చేసిందే. ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ తిప్పుతారు. 1970ల్లో ఇవి రాకముందు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ పడవలే. రాయి తగిలితే పగిలేవి, అతుకులు వేసుకోవడం కూడా ఆటలో భాగమే. ఇప్పుడు గీతలూ సొట్టలూ పడితే పడతాయి, అంతే.

నాకు మాత్రం ప్రాణం స్ప్రే స్కర్ట్, అంటే పడవలోకి నీళ్లు చొరబడకుండా నడుము చుట్టూ కప్పే తొడుగు. నియోప్రీన్ అనే సాగే రబ్బరుతో చేస్తారు. నడుముకు బిగుతుగా తొడుక్కుని, పడవలో కూర్చున్నాక దాని అంచును పడవ నోటి చుట్టూ, అంటే మనం దిగి కూర్చునే రంధ్రం చుట్టూ, లాగి తగిలించాలి. కొత్తదైతే వెనక తగిలిస్తే ముందు ఊడుతుంది, ముందు తగిలిస్తే వెనక. తిట్టుకోని కయాకర్ ఉండడు. తీరా బిగిశాక పడవలో కూర్చున్నట్టు ఉండదు, పడవనే తొడుక్కున్నట్టు ఉంటుంది. తుంటి కదిపితే పడవ కదులుతుంది. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్లు సీల్ తోలు చొక్కానే పడవ నోటికి బిగించుకునేవాళ్లు. ఆ మంచునీళ్లలో బోల్తా పడితే ఈదుతూ ఒడ్డు చేరే మాట లేదు, పడవతో సహా లేవాల్సిందే. ఈనాడు మేం నేర్చుకునే 'రోల్' వాళ్ల విద్యే.

తలకిందులైనప్పుడు ఊపిరి కోసం ముందు తల ఎత్తాలనిపిస్తుంది. రోల్ చెడేది అక్కడే. ముందు తుంటి విసరాలి, పడవ తిరగాలి, వెనకే ఒళ్లు రావాలి, తల అన్నిటికన్నా చివర. కుదరలేదా, స్కర్ట్ ముందున్న పట్టీ లాగి బయటపడాలి. ఆ పట్టీ లోపలికి మడతపడకుండా బయటే ఉందా అన్నది బయల్దేరేముందు ఒకరిది ఒకరు చూసుకుంటాం. హెల్మెట్, లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అవి లేనివాడితో నేను ఏట్లోకి దిగను. ఇక విసిరే తాడు సంచి ఒకటుంది. నీళ్లలో తేలే తాడు అందులో కుక్కి ఉంటుంది. అది పక్కవాడికోసం మోసేది.

ఇంత సరంజామా దేనికంటే, నీళ్లను చదవడానికి. ప్రవాహానికి అడ్డున్న పెద్ద రాయి వెనక నీళ్లు ఎగువకు తిరుగుతాయి. దాన్ని ఎడ్డీ అంటాం. ఒడ్డున నిలబడ్డవాడికి ఏరంతా ఒకటే హోరు, పడవలో ఉన్నవాడికి ఒక్కో రాయి వెనకా కాసేపు కూర్చునే అరుగు. ఆగి, ముందున్నది చూసుకుని, మళ్లీ వడిలోకి దూరడం. ఏటి ఉధృతికి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లున్నాయి. నాకు మూడో గ్రేడ్ చాలు. ఐదో గ్రేడ్ ఫోటోలకు బాగుంటుంది.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు "ఇంకేం, నీకు పండగే" అన్నవాళ్లున్నారు. కాదండీ. వరదలో కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మల మధ్య నుంచి నీళ్లు పోతాయి, మనిషి ఇరుక్కుంటాడు. వేగం రెండింతలైతే నీళ్లు నెట్టే బలం నాలుగింతలు. ఇంకా ప్రమాదం చెక్‌డ్యామ్. చూడ్డానికి నడుమెత్తు గోడ, పై నుంచి నీళ్లు అందంగా జారుతుంటాయి. కింద పడ్డ నీళ్లు పైపొరలో మళ్లీ గోడవైపే వెనక్కి వస్తాయి. రాళ్ల మధ్యనైతే ఏదో పక్కకు సందు దొరుకుతుంది, గోడ కింద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఒకటే సుడి. లైఫ్ జాకెట్ ఉన్నా తిప్పితిప్పి కొడుతుంది. మన ఊళ్లలో వానాకాలం పిల్లలు దూకేది సరిగ్గా అక్కడే.

నేర్చుకోవాలనుంటే ముందు ఈత, తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో రోల్. ఆపైన వానాకాలంలో కేరళ వెళ్లండి. కోళికోడ్ జిల్లాలో చాలిప్పుళ, ఇరువంజిప్పుళ ఏళ్లున్నాయి. 2013లో మొదలైన మలబార్ రివర్ ఫెస్టివల్ అక్కడిదే. రిషికేశ్ ఎగువ గంగకైతే వర్షాలు వెనకబట్టాక పోవాలి. పడవా తెడ్డూ నేర్పేవాళ్ల దగ్గరే ఉంటాయి, మొదట్లో కొనకండి. కొనాలనిపిస్తే స్కర్ట్ కొనుక్కోండి. అప్పుడు మీ నడుం కొలతతోపాటు పడవ నోటి కొలతా సరిచూసుకోండి, రెండూ కుదరాలి.