ఎండలో, తెలియని ఊళ్లో ట్రయథ్లాన్: సన్నద్ధత గురించి కొన్ని మాటలు

మిత్రులారా, నమస్కారం.

ఇంతకు ముందెన్నడూ అడుగుపెట్టని వేడి ప్రాంతంలో ట్రయథ్లాన్‌కు, అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా ఉండే పోటీకి, పేరు నమోదు చేసుకున్నవారు మీలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అటువంటి పోటీకి వెళ్లేవారు నన్ను ముందుగా అడిగేది చక్రాల గురించి, బూట్ల గురించి, విమానంలో సైకిల్‌ను ఎలా తీసుకువెళ్లాలన్న దాని గురించి. వాటిని కూడా ప్రస్తావిస్తాను. అయితే ఈ రోజు ప్రధానంగా చెప్పదలచుకున్నది వేరు. చల్లని వాతావరణంలో మీరు సాధించిన సమయాన్ని అక్కడికి లక్ష్యంగా మోసుకుపోకండి. వేడిలో మీ శరీరం ఏ వేగాన్ని చివరిదాకా నిలుపుకోగలదో బయలుదేరక ముందే తెలుసుకొని, ఆ అంకెతోనే విమానం ఎక్కండి.

ఇలా ఎందుకంటున్నానో వివరిస్తాను. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది, మిగిలినదంతా వేడే. చల్లని రోజున ఆ వేడి చర్మం మీదుగా తేలిగ్గానే గాలిలోకి పోతుంది గాని, ఎండ మండిపోతున్నప్పుడు శరీరానికి దాదాపు చెమట ఒక్కటే దిక్కు. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా మోచేతి నుంచి బొట్లుబొట్లుగా రోడ్డు మీద రాలిన చెమట మాత్రం నీటినీ ఉప్పునూ పోగొడుతుందే తప్ప ఒంటిని చల్లబరచదు. అందువల్లనే 38 డిగ్రీల పొడి ఎండ కన్నా 31 డిగ్రీల సముద్రతీరపు ఉక్కపోత ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు. పోటీ నిర్వాహకులు కూడా నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూడరు; వేడి, తేమ, ఎండ మూడింటినీ కలిపి లెక్కించే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే సూచీని చూస్తారు. ఆరుబయట దాన్ని లెక్కించేటప్పుడు తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు (తడి బల్బు) కొలతకు 70 శాతం, ఎండలో ఉంచిన నల్లని గోళం కొలతకు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు కేవలం 10 శాతం ప్రాధాన్యం ఇస్తారు. మీరు వెళ్లే ఊరి వాతావరణ వివరాలు వెతికేటప్పుడు పోటీ జరిగే గంటల్లో గాలిలో తేమ ఎంత ఉంటుందో, మబ్బు ఉంటుందో లేదో తప్పక చూడండి.

చల్లబరచడానికి చర్మమూ, పని చేయడానికి కండరాలూ ఒకే రక్తాన్ని కోరతాయి. చెమట పోయేకొద్దీ రక్తంలోని ద్రవభాగం తగ్గి, అదే వేగానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవలసి వస్తుంది. ఈ లెక్క తప్పినప్పుడు అత్యుత్తమ క్రీడాకారులు కూడా నిలబడలేరు. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కొసుమెల్‌లో జరిగిన ప్రపంచ ట్రయథ్లాన్ సిరీస్ చివరి పోటీలో అందరికన్నా ముందున్న బ్రిటన్ క్రీడాకారుడు జానీ బ్రౌన్లీ, గమ్యరేఖ ఇంకా కొన్ని వందల మీటర్ల దూరంలో ఉండగానే కాళ్లు తడబడి తూలిపోయాడు. వెనక వస్తున్న అన్న అలిస్టర్ అతన్ని భుజానికి ఆనించుకొని రేఖ దాటించాడు; ఈలోగా దక్షిణాఫ్రికాకు చెందిన హెన్రీ స్కూమన్ ముందుకు దూసుకుపోయి గెలిచాడు. అన్నదమ్ముల అనుబంధం గురించి ఆ దృశ్యాన్ని ఎంతోమంది మెచ్చుకున్నారు. శిక్షకుడిగా నాకు మాత్రం అందులో కనిపించేది ఉక్కపోతలో హద్దు దాటిన వేగం.

వేడికి అలవాటు పడటం మనోబలానికి సంబంధించిన విషయమని కొందరు అనుకుంటారు. నిజానికి అది కొలవదగిన శారీరక మార్పు. రోజూ గంట నుంచి గంటన్నర సేపు శరీరం లోపలి ఉష్ణోగ్రత పెరిగి, బాగా చెమట పట్టే స్థితిలో ఉంటే, మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. ఆ తరువాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు శాతం తగ్గుతుంది. ఈ మార్పులు చాలావరకు 10 నుంచి 14 రోజుల్లో పూర్తవుతాయి. వేడికి దూరమైతే రెండు మూడు వారాల్లో కరిగిపోతాయి కూడా. కనుక ఈ ప్రక్రియను ప్రయాణానికి కాస్త ముందుగా ముగించి, తరువాత మూడు నాలుగు రోజులకొకసారి దాన్ని నిలబెట్టుకోవడం మేలు. అంత ముందుగా అక్కడికి చేరుకొని రెండు వారాలు గడపగలిగే వెసులుబాటు ఉద్యోగస్తుల్లో ఎందరికి ఉంటుంది? ఇంట్లో ఫ్యాన్ ఆపేసి స్థిర సైకిల్ తొక్కడం ఒక మార్గం. నాకు అంతకన్నా నచ్చిన మార్గం, మామూలు వ్యాయామం ముగిసిన వెంటనే 40 డిగ్రీల వేడినీటి తొట్టిలో మెడ వరకు మునిగి అరగంట నుంచి 40 నిమిషాల వరకు కూర్చోవడం. శిక్షణ నాణ్యత చెడదు, వేడి ప్రభావమూ అందుతుంది. మొదటి రోజు పదిహేను నిమిషాలతో సరిపెట్టుకోండి. ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే చేయండి, లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి. గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడుతున్నవారు, గర్భవతులు వైద్యుల అనుమతి లేకుండా దీని జోలికి పోవద్దు.

ఎండ ప్రాంతంలోనే పుట్టి పెరిగాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. తెల్లవారకముందే పరుగు ముగించి, రోజంతా ఏసీ గదిలో పనిచేసే మనిషి ఎక్కడ నివసించినా వేడికి అలవాటు పడినట్టు కాదు.

ఇక నీళ్ల సంగతి. ఎంత తాగాలన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు, కానీ మీ జవాబును మీరే తేల్చుకోవచ్చు. పోటీ వాతావరణానికి దగ్గరగా ఉన్న వేళ మూత్రవిసర్జన చేసి, బట్టలు లేకుండా తూకం చూసుకోండి. గంటసేపు పోటీ వేగంతో తొక్కండి లేదా పరుగెత్తండి. తిరిగి వచ్చాక ఒళ్లూ జుట్టూ పొడిగా తుడుచుకొని మళ్లీ తూగండి. తడి బట్టలతో తూగితే లెక్క తప్పుతుంది. మొదట 70 కిలోలు ఉన్న మనిషి 69.1కి దిగి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, ఆ గంటలో అతనికి పట్టిన చెమట సుమారు 1.4 లీటర్లు. అంతా తిరిగి తాగాలని దీని అర్థం కాదు. శ్రమలో ఉన్న పొట్ట గంటకు లీటరు ఇముడ్చుకోవడమే చాలామందికి కష్టం. శరీర బరువులో రెండు శాతం వరకు తగ్గినా కంగారు పడనక్కర లేదు. కంగారు పడవలసింది బరువు పెరిగినప్పుడు. అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం మొదలుకొని స్పృహ తప్పడం వరకు వెళ్లవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. చెమటలో ఉప్పు మనిషికీ మనిషికీ మూడు నాలుగు రెట్లు తేడాగా ఉంటుంది కాబట్టి, నల్ల బనియను మీద తెల్లని చారలు దట్టంగా మిగిలేవారు సోడియం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అలాగని ఉప్పు మాత్రలను ఆశ్రయించి నీళ్లు అతిగా తాగితే ఆ మాత్రలు కాపాడవు. వాటికి ఉన్న పేరు వాటి పనికి మించినదని నా అభిప్రాయం. దీర్ఘ పోటీల్లో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవడం పరిపాటి. వేడిలో పేగులకు రక్తం తగ్గుతుంది గనుక, నిర్వాహకులు అక్కడ ఏ పానీయం ఇస్తారో ముందే తెలుసుకొని, దాన్నే వేడిలో తాగి అలవాటు చేసుకోండి. నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఆ రోజు వద్దు. నీరు తగ్గిన శరీరంలో అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి.

తెలియని చోటు గురించి ఇప్పుడు. పటం చూసి ఎత్తుపల్లాలు గుర్తుపెట్టుకోవడం అందరూ చేస్తారు. నీడనూ గాలినీ చదివేవారు తక్కువ. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ అనే దీర్ఘ ట్రయథ్లాన్‌నే తీసుకోండి. 3.8 కిలోమీటర్ల సముద్రపు ఈత తరువాత 180 కిలోమీటర్ల సైకిల్ మార్గంలో ఎక్కువ భాగం నల్లని లావా నేలల మధ్య, చెట్టు నీడ లేని రహదారి మీదే సాగుతుంది. ఆ మార్గంలోని హావీ అనే ఊరి దిశగా ఎక్కేటప్పుడు పక్కనుంచి కొట్టే గాలి ముందు చక్రాన్ని లాగేస్తుంది. లోతైన రిమ్ చక్రాలతో వెళ్లినవారికి అది బాగా తెలుస్తుంది. మీరు వెళ్లే చోట ఏ గంటకు ఎటువైపు గాలి తిరుగుతుందో, పరుగు మార్గంలో నీడ ఎక్కడ మాయమవుతుందో ఈ విధంగానే చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులై 26న పురుషుల ట్రయథ్లాన్‌ను ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టారు. మారథాన్‌ను ఏకంగా సప్పోరోకు తరలించారు. కారణం ఎండే. మీ పోటీ కూడా తెల్లవారుజామునే మొదలైతే, ఉపాహారం మూడు గంటల ముందు ముగించాలంటే ఎప్పుడు లేవాలో లెక్క వేసి, వారం ముందు నుంచే ఆ వేళకు నిద్రలేవడం మొదలుపెట్టండి. కాలమానం మారే ప్రయాణమైతే, మారిన ఒక్కో గంటకు దాదాపు ఒక రోజు సర్దుబాటు కావాలి. తూర్పు వైపు ప్రయాణం ఎక్కువ కష్టం.

నీరు వెచ్చగా ఉంటే వెట్‌సూట్ (ఈతలో ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు దుస్తులు) వాడే వీలుండదని సిద్ధపడండి. ఐరన్‌మ్యాన్ పోటీల్లో నీరు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ ధరించినవారికి బహుమతుల అర్హత ఉండదు. వెట్‌సూట్ ఇచ్చే తేలుడు మీద ఆధారపడినవారు అది లేకుండా ఈదడం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. అక్కడికి చేరాక, పోటీ మొదలయ్యే వేళకే ఒకసారి నీటిలో దిగి, సూర్యుడు ఎటు నుంచి కళ్లలో పడతాడో, ఈత మార్గాన్ని చూపే తేలుడు గుర్తులకు (బాయ్‌లకు) వెనక ఆనవాలుగా ఏ భవనం లేదా ఏ కొండ కనిపిస్తుందో చూసుకోండి. ఉప్పునీటిలో మెడ, చంకలు ఒరుసుకుపోతాయి, వాసెలిన్ మరవకండి.

సైకిల్ విప్పే ముందు సీటు పోస్టు ఎత్తు దగ్గర టేపు చుట్టి, హ్యాండిల్ కోణాన్ని ఫోటో తీసుకోండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. దాన్ని తీయడానికి సవ్యదిశలో తిప్పాలి. గొలుసును గేర్ల మీద మార్చే వెనక డిరైలర్‌ను, అది ఫ్రేముకు బిగించి ఉండే హ్యాంగర్ నుంచి తప్పించి బబుల్ ర్యాప్‌లో చుట్టి ఫ్రేములోకి కట్టేయండి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టకుండా చక్రం తీసి ప్రయాణం చేయిస్తే, దారిలో ఎవరి చేయో బ్రేకు పిడి మీద పడి ప్యాడ్లు మూసుకుపోతాయి. టైర్లలో గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్ల విషయంలో విమాన సంస్థను ముందే అడగండి, లేదా అక్కడే కొనుక్కోండి. హెల్మెట్, బూట్లు, ఈత కళ్లద్దాలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

పోటీ రోజున సైకిల్ మీద గాలి తగులుతుంది కనుక వేడి అంతగా తెలియదు. అసలు పరీక్ష పరుగు మొదటి కిలోమీటరులో ఉంటుంది. సైకిల్ దిగగానే కాళ్లు తేలిగ్గా అనిపించి, గడియారంలో మీ చల్లని రోజుల వేగం కనిపిస్తుంది. అక్కడే వెనక్కి తగ్గండి; ఇంటి దగ్గర వేడిలో పరీక్షించుకున్న గుండె వేగం దాటకండి. నీళ్లు, మంచు అందించే ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో నాలుగడుగులు నడవడం వల్ల పోయే కాలం స్వల్పం. మంచుముక్కలు టోపీలో, బనియను ముందు భాగంలో వేసుకోండి, చేతుల తొడుగులు తడపండి. పోటీకి ముందు నూరిన మంచు పానీయం కొంచెం కొంచెంగా తాగితే మొదలుపెట్టే ఉష్ణోగ్రతే కాస్త తగ్గుతుంది.

చివరిగా, మీ వెంట వచ్చే కుటుంబసభ్యులకు కూడా చెప్పవలసిన మాట ఒకటుంది. వేడిలో తూలడం, పొంతన లేకుండా మాట్లాడటం, అకారణంగా కోపగించుకోవడం కనిపిస్తే అది అలసట అనుకోకూడదు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినే వడదెబ్బ కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉంటుంది. వైద్య సిబ్బందిని పిలవండి, అందుబాటులో ఉంటే మెడ వరకు మంచునీటి తొట్టిలో ఉంచండి, తల నీటిలో మునగకుండా పట్టుకోండి. తొట్టి లేకపోతే తడి తువ్వాళ్లూ మంచూ ఒంటి నిండా మార్చి మార్చి వేయండి. ఆసుపత్రికి తరలించడం కన్నా ముందు చల్లబరచడం ముఖ్యం. అదీ మొదటి అరగంటలోనే జరగాలి. వైద్యశిబిరం పరుగు మార్గంలో ఎక్కడ ఉందో పోటీకి ముందు రోజే వారికి చూపించండి.