స్టెంటు వేశాక ట్రోపోనిన్ పెరిగితే

(కందుకూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక గుండె డాక్టరు ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. మీలో చాలామంది నెల్లూరు పొగతోటలోనో, ఒంగోలులోనో స్టెంటు వేయించుకున్నవాళ్లే. డిశ్చార్జి కాగితంలో ఎక్కువమంది నాకు వేలుపెట్టి చూపించేది ఒకటే: "సార్, స్టెంటు వేశాక కూడా ట్రోపోనిన్ ఎక్కువుందంట. మళ్లీ పోటు వచ్చినట్టేనా?"

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. స్టెంటు వేసేటప్పుడు రక్తనాళంలో బెలూన్ ఉబ్బించిన కాసేపు అటువైపు రక్తం ఆగుతుంది, ఒక్కోసారి నాళపు చిన్న కొమ్మ మూసుకుపోతుంది. అందుకే కొంత పెరగడం మామూలే. 2018 అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం, ముందు నార్మల్‌గా ఉన్న మనిషికి 48 గంటల్లో అది నార్మల్ పై హద్దుకు 5 రెట్లు దాటాలి. ఈసీజీలోనో, ఎకోలోనో, యాంజియోలోనో కూడా తేడా కనబడాలి. అప్పుడే పోటు అంటాం. బైపాస్‌కైతే 10 రెట్లు. నన్నడిగితే అదీ తక్కువే. 12 దేశాల్లో 13,862 మంది గుండె ఆపరేషన్ రోగుల మీద చేసి, 2022లో ప్రచురించిన అధ్యయనం చూడండి. మామూలు బైపాస్ అయిన ఒక రోజులోపు 218 రెట్ల దాకా వెళ్తే గానీ, నెలలోపు ప్రాణాపాయం పెరిగినట్టు తేలలేదు.

నేను ముందు వెతికేది స్టెంటుకు ముందు తీసిన నంబరు. పోటు రాకుండా, ముందే అనుకుని వచ్చిన మనిషికి అప్పటికే ట్రోపోనిన్, బీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పడితే రక్తంలో పెరిగే హార్మోన్) ఎక్కువున్నాయంటే వెనకాల ఏదో ఉన్నట్టే: కిడ్నీ జబ్బో, షుగరో, పంపింగ్ తగ్గడమో. స్టెంటు తర్వాత కాస్త పెరిగినదానికన్నా, ఏళ్లు గడిచాక మనిషి ఎలా ఉంటాడో ఎక్కువగా చెప్పేది ఇదే.

అన్నట్టు, ట్రోపోనిన్ ఒక ల్యాబులో 0.014, ఇంకోచోట 14 వస్తే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. మొదటిది మిల్లీలీటరు లెక్క, రెండోది లీటరు లెక్క. రెండూ ఒకటే.

ఇక మీ చేతిలో ఉన్నవి. పొగాకు వేలం జరిగే ఊళ్లో చుట్ట మానమంటే నవ్వుతారని తెలుసు, అయినా చెప్తాను: మానండి. చెడు కొలెస్ట్రాల్ కనీసం 70 లోపుకు, వీలైతే 55 లోపుకు రావాలి. పన్ను పీకించుకోవాలని స్టెంటు మాత్రలు ఆపేసి వచ్చేవాళ్లున్నారు. స్టెంటు వేసిన మొదటి నెలల్లో అలా ఆపితే అందులో గడ్డ కట్టవచ్చు. పంటి డాక్టరు ఆపమన్నా సరే, ముందు మీ గుండె డాక్టరుకు ఒక ఫోన్ చేయండి.