డ్రమ్ముల కింది మట్టి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవడం మర్యాదే గానీ, ఎండ ముదరకముందే చెప్పవలసిన మాట ఉన్నందున క్షమించమని కోరుతున్నాను. జూన్ 5 పర్యావరణ దినోత్సవం గనుక మొక్కల పెంపకం గురించి మాట్లాడమని సర్పంచి గారు అడిగారు. మొక్కను నాటేది మట్టిలోనే గనుక నేను మట్టి గురించి మాట్లాడతాను.

ఊరికి ఉత్తరాన పాత గ్రానైట్ క్వారీ గుంతలో ఎవరో రాత్రికి రాత్రి దించిపోయిన రసాయన వ్యర్థాల డ్రమ్ములను మీలో చాలామంది చూశారు. ఉగాదికి ముందు నేను గట్టు మీద నిలబడి లెక్కపెడితే 23 ఉన్నాయి. కొన్నింటి మూతలు ఉబ్బాయి, కొన్ని అడుగున తుప్పుపట్టి నల్లటి జిగురు కారుస్తున్నాయి. వాటి మీది చీటీలను ముందే చించేశారు. దరఖాస్తు పట్టుకొని ఒక కార్యాలయానికి వెళితే, 'ముందు అవి ఎవరివో చెప్పండి' అన్నారు. ఎవరివో తెలిస్తే నేను దరఖాస్తు ఎందుకు రాస్తాను?

1989లో మా చెల్లె పెళ్లికి నీళ్లు నింపడానికని వరంగల్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక ఇనుప డ్రమ్ము కొని తెచ్చాను. అప్పటికే నేను బడిలో రసాయన శాస్త్రం చెప్తున్నాను. సోడాతో, చింతపండుతో నాలుగు సార్లు కడిగితే వాసన పోయింది; దానితోపాటు విషమూ పోయిందనుకున్నాను. మా అమ్మ మాత్రం, 'ఈ నీళ్లు చుట్టాలకు పోయకు బిడ్డా' అని అడ్డుపడింది. కడిగిన నీళ్లు పారబోసిన చోట మునగచెట్టు వారం తిరగకముందే ఎండింది, మూడేళ్లపాటు పుంటికూర మొలవలేదు. డ్రమ్మును మర్నాడే బయట పెట్టాను గానీ, ఆ మట్టిని ఏం చేయాలో నాకు ఆనాడు తెలియలేదు.

ఇప్పుడు కొందరు జేసీబీ పెట్టి గుంతను పూడ్చేద్దామంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పూడ్చిన డ్రమ్ము తుప్పుపట్టి, అందులోని ద్రవం రాతి పగుళ్ల గుండా మన బోర్లలోకి దిగుతుంది. భోపాల్‌లో 1984 నాటి దుర్ఘటన తర్వాత నలభై ఏళ్లకు, 2025 జనవరిలో, 337 టన్నుల వ్యర్థాన్ని అక్కడి నుంచి తరలించారు. కానీ ఆ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణలో కలుషితమైన మట్టి అక్కడే ఉండిపోయింది. మన చెరువులు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. క్వారీ పక్క ఒర్రె కుంటలో కలుస్తుంది, కుంట మత్తడి పోస్తే ఆ నీరు పెద్ద చెరువుకు చేరుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టిని బలమని మనం చేలలో చల్లుకున్నాం. రేపు ఆ పూడికలోనే సీసమో క్రోమియమో చేరితే, అవి ఎన్నేళ్లయినా కుళ్లిపోయేవి కావు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదకర వ్యర్థమే. దాన్ని పరిశ్రమ తన దగ్గర 90 రోజులకు మించి ఉంచకూడదు; తరలిస్తే ఏడు ప్రతుల పత్రం వెంట ఉండాలి. 2025 జూలైలో వచ్చిన కలుషిత స్థలాల నిబంధనలు అనుమానిత స్థలాలను గుర్తించి నివేదించే పనిని జిల్లా యంత్రాంగానికి అప్పగించాయి. బాధ్యులు దొరకని చోట శుద్ధి ఖర్చును ప్రభుత్వాలు భరించే ఏర్పాటూ వాటిలో ఉంది. కాబట్టి 'అవి ఎవరివి' అనే ప్రశ్న దగ్గర పని ఆగిపోవలసిన అవసరం లేదు.

పని తెలిసినవారు ఉబ్బిన డ్రమ్మును మూత తీయకుండా దూరం నుంచే పరీక్షిస్తారు. కారుతున్నదాన్ని మరో పెద్ద డ్రమ్ములో పెడతారు, ఆమ్లాలను సైనైడు లవణాల దగ్గరకు రానివ్వరు. ఆ తర్వాత నేలను గళ్లుగా విభజించి, లోతు లోతుకూ మట్టి తీసి పరీక్షించి, చెడినంత మేరా తవ్వి హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికి పంపుతారు. అక్కడ బంకమట్టి, మందపాటి ప్లాస్టిక్ పొరల నడుమ ఆ మట్టిని భద్రపరుస్తారు. డ్రమ్ములు ఎత్తుకుపోయి మట్టిని వదిలేస్తామంటే మనం ఒప్పుకోకూడదు.

రెండు మూడు రోజుల్లో మిరుగు, అంటే మృగశిర కార్తె. వాన పడేలోగా గుంతలోకి వరద దిగకుండా పైన మట్టికట్ట వేయాలి. రేపు ఉదయం ఏడు గంటలకు పంచాయతీ దగ్గర కలెక్టరు గారికి ఇచ్చే దరఖాస్తు మీద సంతకాలు కావాలి. పిల్లలనూ గొర్లనూ అటు పోనివ్వకండి.

మరొక మాట. నిన్న మళ్లీ లెక్కపెడితే 21 ఉన్నాయి. ఆ రెండు ఎవరింట్లో ఉన్నా నేను తప్పుపట్టను, నేనూ కొన్నవాణ్నే. కడగకండి, అందులోని నీళ్లు పారబోయకండి. మూత పెట్టి నాకు కబురు పంపండి. ఏ వేళప్పుడైనా వస్తాను.