మ్యూజ్ నది ఒడ్డున దినాన్: రేవు, కొలిమి, చోఫెన్ గోడ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది బెల్జియం దక్షిణ భాగంలో, ఫ్రెంచి మాట్లాడే వలోనియా ప్రాంతంలో ఉన్న దినాన్ అనే చిన్న పట్టణం గురించి. చుట్టుపక్కల గ్రామాలను కలుపుకున్నా అక్కడి జనాభా సుమారు 13 వేలు మాత్రమే. ఫ్రాన్సులో పుట్టి బెల్జియం మీదుగా నెదర్లాండ్స్‌కు సాగిపోయే మ్యూజ్ నది ఇక్కడ నిట్టనిలువు సున్నపురాతి కొండలను ఒరుసుకుంటూ పారుతుంది. కొండకూ నీటికీ మధ్య మిగిలిన సన్నని నేల మీద ఊరు బారుగా పరుచుకుంది. 1227లో కొండచరియ విరిగి చర్చి మీద పడినప్పుడు అదే చోట గోతిక్ శైలిలో నోత్ర్‌దామ్ చర్చిని తిరిగి కట్టుకున్నారే కాని, రేవును వదిలి మరో చోటికి పోలేదు.

దినాన్ గురించి చెప్పేవారు సాధారణంగా కొండ మీది కోటతో మొదలుపెడతారు. ఆ ఊరి చరిత్ర కోటలో కన్నా కింద రేవులోను, కొలిమిలోను ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. నదిని దాటడానికి అనువైన చోటు కావడమే ఆ ఊరికి అన్నం పెట్టింది. సైన్యాలను దాని మీదికి రప్పించిందీ అదే.

మొదట కొలిమి సంగతి చెబుతాను. మధ్యయుగంలో దినాన్ కంచరులు యూరప్ అంతటా పేరు పొందారు. ఫ్రెంచిలో ఇత్తడి, రాగి సామాను పనిని నేటికీ ఈ ఊరి పేరు మీదుగానే దినాండ్రీ అంటారు. జర్మనీలోని హార్జ్ కొండల నుంచి రాగి వచ్చేది. తుత్తునాగపు (జింకు) ఖనిజం, మంటకు తట్టుకునే మూసలకు పనికివచ్చే బంకమట్టి మ్యూజ్ లోయ పరిసరాల్లోనే దొరికేవి. అప్పటికి యూరప్‌లో తుత్తునాగాన్ని విడి లోహంగా తీయడం తెలియదు కనుక, రాగి ముక్కలను, పొడిచేసిన ఖనిజాన్ని, బొగ్గుపొడిని కలిపి మూసలో పెట్టి గంటల తరబడి కాల్చేవారు. ఖనిజంలోంచి ఆవిరిగా వెలువడిన తుత్తునాగం రాగిలోకి ఇంకి ఇత్తడి తయారయ్యేది. దానిని పలకలుగా పోతపోసి, సుత్తులతో సాగగొట్టి, దెబ్బలకు బిరుసెక్కిన రేకును మళ్ళీ కాల్చి మెత్తబరిచి, మళ్ళీ కొట్టి, గంగాళాలు, పళ్ళేలు చేసేవారు. చర్చిలకు కావలసిన దీపస్తంభాలు, గ్రంథపీఠాలు పోతపోసేవారు. టోంగెరెన్ పట్టణంలోని చర్చిలో ఒక ఇత్తడి దీపస్తంభం నేటికీ ఉంది. దానిని చేసిన జాన్ జోసే తన పేరును, తన ఊరు దినాన్ పేరును, 1372 అనే సంవత్సరాన్ని దాని మీద చెక్కుకున్నాడు. పనివాడి పేరు సాధారణంగా మరుగున పడిపోయే కాలంలో ఆ సంతకం కనబడడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. ఆ శతాబ్దంలోనే దినాన్ వర్తకులు లండన్‌లో ఉత్తర జర్మనీ పట్టణాల హాన్సా వర్తక కూటమి హక్కులను అనుభవించారు; జర్మన్ మాట్లాడని ఊరికి అది అరుదైన గౌరవం.

అయితే నదికి ఆవలి ఒడ్డున, దాదాపు ఎదురుగా, బువీన్ అనే మరో ఊరు ఉంది. అక్కడా అదే ఇత్తడి పని, అదే సంత. దినాన్ లియేజ్ ప్రభు-బిషప్పు, అంటే రాజ్యాధికారం కూడా ఉన్న మతాధికారి, ఏలుబడిలో ఉండగా, బువీన్ నామూర్ ప్రభువుల కింద ఉండేది. 1420ల్లో నామూర్ బుర్గుండీ డ్యూకు చేతికి పోవడంతో, రెండు ఊళ్ళ కంచరుల మధ్య ఉన్న వృత్తి పోటీ కాస్తా రెండు రాజ్యాల వైరంతో ముడిపడింది. 1466లో దినాన్ వాసులు కొందరు బువీన్ గోడల ముందు డ్యూకు కుమారుడు చార్లెస్ దిష్టిబొమ్మను ఉరితీసి, అతని పుట్టుకనే నిందించారని చెబుతారు. ఆగస్టులో తండ్రీకొడుకుల సైన్యం ఫిరంగులతో వచ్చి, ఊరిని లొంగదీసుకుని, దోచి, తగలబెట్టింది. 800 మందిని వీపుకు వీపు ఆనించి జంటలుగా కట్టి నదిలోకి తోసేశారని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఆ అంకె ఎంతవరకు నిజమైనా, బతికిన కంచరులు చెల్లాచెదరై పరాయి ఊళ్ళలో కొలుములు పెట్టుకున్నారన్నది మాత్రం వాస్తవం. దినాన్ ఇత్తడి పనికి మునుపటి వైభవం మళ్ళీ రాలేదు.

తరువాతి మూడు శతాబ్దాలను త్వరగా దాటుతాను. 1554లో ఫ్రెంచి రాజు రెండవ హెన్రీ సైన్యం, 1675లో పద్నాలుగవ లూయీ సైన్యం ఊరిని పట్టుకున్నాయి. 1703లో ఫ్రెంచివారే కోటను కూల్చివేశారు. ఇప్పుడు మనకు కనబడే కోట 1818 తరువాత డచ్చి పాలకులు కట్టించినది.

1814 నవంబరు 6న ఈ ఊళ్ళో అడాల్ఫ్ సాక్స్ పుట్టాడు. అతను రూపొందించిన సాక్సోఫోన్‌కు 1846లో పారిస్‌లో పేటెంటు వచ్చింది. ఇత్తడి ఊరి బిడ్డ ఇత్తడి వాద్యాన్ని కనిపెట్టాడనడం వినడానికి బాగుంటుంది కాని, సాక్స్ పసితనంలోనే, వాద్యాలు తయారుచేసే అతని తండ్రి కుటుంబాన్ని బ్రస్సెల్స్‌కు తరలించాడు కనుక నేను దానిని అంత తేలికగా ఒప్పుకోలేను. మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. కర్ణాటకకు చెందిన కద్రి గోపాలనాథ్ ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతానికి మలిచి, త్యాగరాజస్వామి తెలుగు కృతులను దాని మీద పలికించారు.

ఇక 1914, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది. ఆగస్టు 15న వంతెన దగ్గర ఫ్రెంచి, జర్మన్ సేనలు తలపడ్డాయి. తరువాతి కాలంలో ఫ్రాన్సు అధ్యక్షుడైన ఛార్లెస్ డిగాల్ అనే యువ లెఫ్టినెంటు అక్కడే కాలికి గాయపడ్డాడు. 23వ తేదీన జర్మనీ మూడవ సైన్యానికి చెందిన శాక్సనీ దళాలు నదిని దాటడానికి ఊళ్ళోకి దిగాయి. ఎడమ ఒడ్డు నుంచి ఫ్రెంచి సైనికులు కాలుస్తున్న తూటాలను, ఇళ్ళలో దాగిన పౌరులు కాలుస్తున్నవిగా ఆ జర్మన్ సైనికులు నమ్మారు. ఫ్రాన్సుతో 1870లో జరిగిన యుద్ధంలో సాధారణ పౌరులు పొంచి ఉండి కాల్చారన్న కథలు వారి మనస్సుల్లో అప్పటికే నాటుకుని ఉన్నాయి. లెఫ్ పేటలోని మఠంలో జనాన్ని పోగుచేసి, మగవారిని బయటికి తీసి కాల్చారు. ఊరి మధ్య చోఫెన్ కుటుంబపు తోట గోడకు ఆనించి వందమందికి పైగా పౌరులను నిలబెట్టి కాల్చారు. దక్షిణాన రివాజ్ పేటలో వంతెన కడుతున్న సైనికుల మీద ఆవలి నుంచి తూటాలు వచ్చినప్పుడు, బందీలుగా పట్టుకున్న ఆడవారిని, పిల్లలను కూడా విడిచిపెట్టలేదు. చనిపోయినవారిలో మూడు వారాల పసికందు ఉంది. సుమారు ఏడు వేలమంది ఉన్న పట్టణంలో 674 మంది పౌరులు హతులయ్యారు. ఊరిలో అధిక భాగం కాలిపోయింది. నాలుగు వందలమందిని జర్మనీలోని కాసెల్ జైలుకు తరలించారు.

ఈ హత్యల తరువాత జరిగినది కూడా నా దృష్టిలో అంతే ముఖ్యమైనది. 1915లో జర్మన్ ప్రభుత్వం ఒక అధికారిక నివేదిక వెలువరించి, తప్పంతా దినాన్ పౌరులదే అన్నది. బతికినవారు మాత్రం ఎవరు ఏ గోడ దగ్గర, ఏ వీధిలో చనిపోయారో పేరు పేరునా రాసి పెట్టుకుని, అబద్ధానికి జవాబుగా జాబితాను నిలబెట్టారు. పౌరులు వ్యవస్థీకృతంగా కాల్పులు జరిపారన్న ఆరోపణకు ఆధారం లేదని తరువాతి చరిత్రకారులు తేల్చారు. 2001 మే 6న జర్మనీ రక్షణశాఖ ప్రతినిధి వాల్టర్ కోల్బో దినాన్‌కు వచ్చి, తన ప్రభుత్వం తరఫున బహిరంగంగా క్షమాపణ కోరారు. అప్పటికి దాదాపు 87 ఏళ్ళు గడిచాయి. ఆలస్యమైన క్షమాపణకు విలువ లేదని నేను అనను. అయితే ఆ విలువను కాపాడినది ఇన్నేళ్ళూ జాబితాను చెరిగిపోనివ్వని ఊరివారే.

మీలో ఎవరైనా బ్రస్సెల్స్ వెళితే, దినాన్‌కు నేరుగా రైలు ఉంది. యాత్రికులు ఎక్కువగా రోప్‌వే ఎక్కి కోట చూసి, వంతెన మీద రంగురంగుల సాక్సోఫోన్ల పక్కన ఫొటోలు తీయించుకుని, పిండి, తేనె మాత్రమే కలిపి చెక్క అచ్చులో ఒత్తి కాల్చిన కూక్ అనే బిస్కెట్టు కొనుక్కుని వస్తారు. అది రాయంత గట్టిగా ఉంటుంది కనుక కొరకకుండా విరిచి నోట్లో నాననివ్వాలి. వాటితో పాటు చోఫెన్ గోడ దగ్గరికి వెళ్ళి అక్కడి పేర్లు చదవమనీ, ఆపై నది దాటి, ఇప్పుడు దినాన్ పురపాలికలోనే భాగమైన బువీన్‌లోని మధ్యయుగ వారసత్వ ప్రదర్శనశాల చూడమనీ నా మనవి.