అడుగు జానెడు వదిలేయకండి: చెరకు నరుకుడు, నీటి తడులు

(దృశ్యం: అనకాపల్లి దగ్గర ఓ తోట, నరుకుడు అయిపోయింది. వ్యాఖ్యాత మోడు పక్కన కూర్చుని)

ఈ మోడు చూడండి. నేల మీద జానెడు మిగిలిపోయింది. చెరకులో తీపి అడుగు నుంచి పైకి ఎక్కుతుంది. కింది కణుపులు ముందు పండుతాయి, మొవ్వు ఆఖర్న. ఏడాది పాటు నీళ్ళు పెట్టి, ఎరువు వేసి పెంచిన గెడలో అన్నిటికంటే తియ్యని ముక్క ఇక్కడే ఉండిపోయింది.

కార్శి తోటకీ, అంటే ఈ మోళ్ళ నుంచే మళ్ళీ మొలిచే పంటకీ, ఇది దెబ్బే. పైకి మిగిలిన మోడు మీది కళ్ళు మొలిస్తే ఆ పిలకల వేళ్ళు మన్ను పట్టవు, గాలికి ఒరిగిపోతాయి. నేల లోపలి కన్ను నుంచి లేచిన పిలకే బలంగా నిలబడుతుంది. అందుకే పదునైన కత్తితో నేలమట్టానికి నరకాలి. ఇప్పటికే ఎత్తుగా నరికి ఉంటే, ఆలస్యం చేయకుండా పదునైన పారతో మోళ్ళు చెక్కేయండి.

ఒక్క మాట. టన్ను లెక్కన కూలి ఇచ్చేచోట, వంగి నరికితే పని నెమ్మదిస్తుంది. ఆ నడుము నొప్పికి కాస్త ఎక్కువ ఇవ్వడమే న్యాయమని నా నమ్మకం.

(దృశ్యం: తీపి కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటరు మీద రసం చుక్క)

తోట పండిందా? గెడ కిందా పైనా రసం తీసి బ్రిక్స్, అంటే రసం తీపి చెప్పే అంకె, చూడండి. రెండు అంకెలూ దగ్గరపడితే పండినట్టు. బాగా తేడా ఉంటే ఆగండి. నరికాక మాత్రం ఆగొద్దు, 24 గంటల్లో గానుగకో ఫ్యాక్టరీకో చేరాలి. గెడ ఎండలో పడి ఉంటే బరువు తగ్గుతుంది, పంచదార విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది. అలాంటి రసం ఎంత కాచినా బెల్లం దిమ్మ గట్టిగా కట్టదు.

(దృశ్యం: కాలువ నీళ్ళు సాళ్ళలోకి)

ఇక నీళ్ళు. చెరకుకు పంటకాలం మొత్తమ్మీద 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీరు కావాలి. అయితే ఎప్పుడు ఇస్తున్నామన్నదే అసలు లెక్క. జనవరి, ఫిబ్రవరిలో నాటిన తోట పిలకలు తొడిగేది సరిగ్గా మండు వేసవిలో. అప్పుడు తడి తప్పితే పిలకలు చస్తాయి, లేత పిలకల్ని తొలిచే పీకపురుగు పెరుగుతుంది. ఈ బాల్య దశలో 6 రోజులకో తడి, వానలు వెళ్ళాక పక్వ దశలో 3 వారాలకో తడి చాలు. బోరు అంత ఇవ్వకపోతే సాలు విడిచి సాలు పారించండి. డ్రిప్ ఉంటే మరీ మంచిది, కానీ ఫిల్టరు కడగని డ్రిప్ రెండో ఏటికే మూసుకుపోతుంది. వానాకాలంలో నిలిచిన నీటిని తీసేయడమూ తడి పెట్టినంత ముఖ్యం.

నరకడానికి పది, పదిహేను రోజుల ముందు నీళ్ళు ఆపేయండి. బరువు తూగుతుందని ఆఖరి తడి పెట్టేవాళ్ళున్నారు. బెల్లం వండుకునేవాళ్ళకు ఆ తడి పొయ్యి మీద మరిగించాల్సిన నీళ్ళే, మంట ఖర్చు మనదే.

(దృశ్యం: సాళ్ళ మధ్య పరిచిన చెరకు చెత్త)

నరికాక ఆకు తగలబెట్టకండి. ఎకరాకు టన్నుంపావు చెత్త సాళ్ళలో పరిస్తే కలుపు అణుగుతుంది, పీకపురుగు తగ్గుతుంది. ఈ సాలుకు తడి పెట్టి నాలుగు రోజులైంది. ఆకు కింద చెయ్యి పెట్టి చూస్తున్నాను... మన్ను ఇంకా చల్లగా, తడిగానే ఉంది.