అరచెంచా తల్లి, 37 డిగ్రీలు

శ్రోతలకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను మనవాళ్లు ‘బాక్సులో పెట్టారు’ అంటారు. ఆ బాక్సే ఇంక్యుబేటర్. ఖరీదు లక్షల్లో ఉంటుంది. దీన్ని బాగా చవగ్గా చేసి చూపించండి అని 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీజీ విద్యార్థులకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. వాళ్లలో నలుగురు ఒక జట్టు. ఆ జట్టులోని లైనస్ లియాంగ్ నేపాల్ వెళ్లాడు. కాఠ్మాండూ ఆసుపత్రిలో బాక్సులు ఖాళీగా కనిపించాయి. ఎందుకంటే, ఎక్కడో పల్లెలో పుట్టిన పసిగుడ్డు అక్కడిదాకా రానే రావడం లేదు. దాంతో జట్టు ఆలోచన ఆసుపత్రి మీంచి ఇంటిమీదికి మళ్లింది.

చిన్న సంచి కుట్టారు. బిడ్డ వీపు కింద మైనం పొట్లం. వేడిచేసి కరిగిస్తే, మళ్లీ గడ్డకట్టేదాకా కొన్ని గంటలు 37 డిగ్రీల సెల్సియస్, అంటే మామూలు ఒంటి వేడి దగ్గరే నిలుస్తుంది.

చదువయ్యాక బెంగళూరు వచ్చారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడుంది. పొట్లం మీద వేడి తెలిపే అంకెల పట్టీ పెట్టారు. 37 రావాలి. ఒక తల్లికి చూపించి, ఎలా వాడతావమ్మా అని అడిగారు. ఇంగ్లీషు మందులు మహా ఘాటు, డాక్టరు చెంచాడు వెయ్యమంటే నేను అరచెంచాయే వేస్తాను, ఇదీ అంతే, 37 అంటే 30 దగ్గరే ఆపేస్తాను అంది. నవ్వకండి. ‘వేడి చేస్తుంది’ అని మాత్రను సగానికి విరిచే ఇళ్లు మనకు తెలియనివా? అతి జాగ్రత్తతోనే అందామె ఆ మాట. కానీ ఆ ఏడు డిగ్రీల మీదే బిడ్డ ప్రాణం. వాళ్లు ఆమెకు పాఠం చెప్పబోలేదు, అంకెలే తీసేశారు. వేడి చాలింది, చాలలేదు, రెండే గుర్తులు. నన్నడిగితే, ఆ నలుగురి చదువులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఆ ఒక్క ప్రశ్నకే వెయ్యాలి.

2011లో ఆ సంచి మన దేశంలో వాడకంలోకి వచ్చింది. మీ ఊళ్లో దొరక్కపోవచ్చు. ఫరవాలేదు, తల్లి ఒళ్లుంది. బిడ్డ బరువు రెండున్నర కిలోలకు తక్కువైతే తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా ఆనించి పైన దుప్పటి కప్పండి. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు. ఆవిడ భోజనానికి లేస్తే నాన్న ఆనించుకోవచ్చు, అమ్మమ్మ ఆనించుకోవచ్చు. బాక్సులు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇంకొక్క మాట. పుట్టగానే నీళ్లు పొయ్యకండి. కనీసం ఒక రోజు ఆగమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బరువు తక్కువ బిడ్డకైతే ఎప్పుడు పొయ్యాలో నర్సునో ఆశా కార్యకర్తనో అడగండి. నీళ్లు పోసే పెద్దావిడకు ఈ సంగతి కాన్పుకు ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు హడావిడిలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు.