ఆర్ లోయ రైలు కట్ట ఎందుకు తెగింది?

[తెర మీద: రేమాగెన్ నుంచి ఆర్‌బ్రూక్ దాకా మ్యాప్]

జర్మనీలో ఆర్ నది వరద గురించి మాటొస్తే చాలు, "నదిని ఆనుకుని రైలు కట్ట వేసినవాళ్లకు బుద్ధుండాలి" అంటారు. ఇది అన్యాయం. ఆ లైన్ 1880లో రైన్ ఒడ్డునున్న రేమాగెన్ నుంచి ఆర్‌వైలర్ దాకా, 1886లో ఆల్టెనార్ దాకా పడింది. ఆవిరి ఇంజన్ల రోజులు. చదును పట్టాల మీద టన్ను బరువును లాగడానికి రెండు మూడు కిలోల బలం చాలు. అదే వంద మీటర్లకు ఒక్క మీటరు ఎక్కాలంటే ఇంకో పది కిలోలు కావాలి! వాలు తక్కువున్న దారిని నది ముందే కోసిపెట్టింది, దాన్నే పట్టుకుని వెళ్లారు. ఆల్టెనార్ దగ్గర నది తిరిగినన్ని వంకర్లు రైలు తిరగలేదు. అందుకే కొండ అడ్డొస్తే సొరంగం, నది అడ్డొస్తే వంతెన.

చిక్కంతా ఆ వంతెనల దగ్గరే.

పంట కాలువ తూముకు కంప అడ్డుపడితే ఏమవుతుంది? వెనక నీళ్లు ఎగదన్నుతాయి. చాలాసార్లు తూము రాయి కదలదు, పక్కన మట్టి గట్టు తెగుతుంది. 2021 జులై 14 రాత్రి ఆర్ లోయలో జరిగిందదే. 130 మందికి పైగా చనిపోయారు. ఆల్టెనార్ దగ్గర నీటిమట్టం పాత రికార్డు 2016 నాటి 3.71 మీటర్లు. ఆ రాత్రి 5.75 చూపించాక కొలిచే కేంద్రమే పనిచేయడం మానేసింది. చెట్ల మానులు, కార్లు, క్యాంపింగ్ స్థలాల్లోని కారవాన్‌లు, గ్యాస్ ట్యాంకులు, అన్నీ వచ్చి వంతెన ఖానాలకు అడ్డంపడ్డాయి. ఇదీ మన తూములో కంప.

రాతి కమానుతో ఇంకో ఇబ్బంది. నీరు పైకొచ్చేకొద్దీ సందు ఇరుకైపోతుంది. ఎక్కువ దారి కావాల్సిన వేళకు తూము సగం మూసుకున్నట్టే.

[తెర మీద: కట్ట అడ్డకోత బొమ్మ]

ఎగదన్నిన నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. కోత ఎగువన మొదలవుతుందని చాలామంది అనుకుంటారు, కాదు. నీరు దూకే దిగువ వైపు, కట్ట పాదం దగ్గర మొదలై వెనక్కి తినుకుంటూ వస్తుంది. మట్టి జారుతుంది, దానితో కంకరా పోతుంది. మిగిలేది గాల్లో వేలాడే పట్టాలు, వాటిని వదలని స్లీపర్లు.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా. కొత్త వంతెనలకు నదిలో స్తంభాలు వీలైనంత తగ్గించారు, కంప తగులుకునే చోటు ఉండకూడదని. లైన్‌కు కరెంటు పెట్టాలని కూడా నిర్ణయించారు. 15 కిలోవోల్టుల తీగ ఇమడాలంటే సొరంగంలో పైన ఖాళీ కావాలి, పాత సొరంగాల్లో అదే పెద్ద పని.

ఇక వరదకు నిలిచిన వంతెన సంగతి. నిలబడింది కదా అని బండి వదలకూడదు. నీరు తీశాక పునాది దగ్గర పడ్డ గుంతలో ఒండ్రు నిండిపోయి, చూడ్డానికి అంతా మామూలుగా ఉంటుంది. స్తంభం చుట్టూ ఇనుప చువ్వ దించి చూడాలి. సులువుగా దిగిపోతే అది ఒండ్రు. అక్కడ పునాదిని పట్టుకున్న నేల లేదు.